రొమ్ము మొత్తం తీసేస్తే ఎక్కువ కాలం బతుకుతారా? బెర్నార్డ్ ఫిషర్ అర్ధ శతాబ్దపు అన్వేషణ

రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలిన రోజున చాలా ఇళ్లలో మొదట వినిపించే మాట ఒకటే: "మొత్తం తీయించేద్దాం, పీడ వదిలిపోతుంది." భర్త అంటాడు, అన్నదమ్ములు అంటారు, చాలాసార్లు ఆమే అంటుంది. గడ్డ చిన్నదే, దాని వరకు తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందని డాక్టరు చెబితే ఊరట కలగాల్సింది పోయి అనుమానం మొదలవుతుంది. ఏమైనా మిగిల్చేస్తున్నారేమో, డబ్బుకు వెనకాడామని రేపు బాధపడాల్సి వస్తుందేమో అని మనసు పీకుతుంది.

ఈ ఆలోచనలో అజ్ఞానమేమీ లేదు. ప్రపంచంలోని గొప్ప సర్జన్లు దాదాపు ఎనభై ఏళ్ల పాటు సరిగ్గా ఇలాగే ఆలోచించారు. పెద్ద కోత పెడితే పెద్ద రక్షణ అని నమ్మారు, శిష్యులకు అదే నేర్పారు. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చిన వాళ్లలో ముందుండే పేరు అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరానికి చెందిన సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. 1918లో పుట్టి, 2019లో 101 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆయన తన పరిశోధన జీవితంలో అత్యధిక భాగాన్ని ఒకే ప్రశ్న చుట్టూ నడిపారు. రొమ్ము క్యాన్సర్ రొమ్ముకు వచ్చిన జబ్బా, శరీరానికంతటికీ వచ్చిన జబ్బా? ఈ రోజు హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఒక మహిళ చేతికి అందే చికిత్స ప్రణాళికలోని ప్రతి అంశమూ ఈ ప్రశ్నకు దొరికిన జవాబు మీదే ఆధారపడి ఉంది. గడ్డంతా తీసేశాక కూడా కీమోథెరపీ ఎందుకు, అయిదేళ్ల పాటు మాత్రలెందుకు, చంకలోని గ్రంథులన్నీ తీయకపోతే ఏమవుతుంది అన్న సందేహాలన్నీ ఇక్కడికే వచ్చి చేరతాయి.

హాల్‌స్టెడ్ నేర్పిన పాఠం

అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 19వ శతాబ్దం చివరిలో ఒక ఆపరేషన్‌ను తీర్చిదిద్దారు. 1894లో యాభై మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. రొమ్ము మొత్తం, దాని కింది ఛాతీ కండరాలు, చంకలోని లింఫ్ గ్రంథులు అన్నీ కలిపి ఒకే ముక్కగా తీసేయడం దాని పద్ధతి. దాని పేరే రాడికల్ మాస్టెక్టమీ.

దాని వెనక ఉన్న తర్కం తేలిగ్గానే అర్థమవుతుంది. క్యాన్సర్ ఒక చోట పుట్టి చుట్టుపక్కలకు మెల్లగా, వరస తప్పకుండా పాకుతుంది. ముందు రొమ్ములో, తర్వాత చంక గ్రంథుల్లో, ఆ తర్వాతే మిగతా శరీరంలో. గ్రంథులు కొంతకాలం కాపలా గోడల్లా దాన్ని ఆపుతాయి. కాబట్టి అది పాకిన హద్దు దాటి ఒక అడుగు ముందుకెళ్లి కోస్తే జబ్బు వేళ్లతో సహా పోతుంది. ఆపరేషన్ చేశాక కూడా జబ్బు తిరగబెట్టిందంటే తగినంత వెడల్పున కోయలేదని అర్థం. ఈ సిద్ధాంతంలో ఒక ప్రమాదం దాగి ఉంది. వైఫల్యం ఎదురైన ప్రతిసారీ అది సిద్ధాంతాన్ని ప్రశ్నించదు, మరింత పెద్ద కోతను అడుగుతుంది. అలాగే జరిగింది కూడా. తర్వాతి తరం సర్జన్లలో కొందరు ఛాతీ ఎముకల వెనకున్న గ్రంథుల దాకా వెళ్లారు.

న్యాయంగా చెప్పాలంటే హాల్‌స్టెడ్ కాలంలో ఆడవాళ్లు చేతికి పెద్దగా తగిలే గడ్డలతో, పుళ్లతో వచ్చేవాళ్లు. ఛాతీ మీద జబ్బు తిరగబెట్టకుండా ఆయన ఆపరేషన్ నిజంగానే అడ్డుపడింది. ఆ నరకం నుంచి తప్పించడం చిన్న విషయం కాదు. కానీ ఛాతీ మీద జబ్బు తిరిగి రాకపోవడమూ, మనిషి బతకడమూ ఒకటి కావు. ఈ రెండింటి మధ్య తేడాయే ఫిషర్ కథకు కీలకం.

ఆ ఆపరేషన్ తర్వాత జీవితం ఎలా ఉండేదో కూడా చెప్పాలి. పక్కటెముకలు చర్మం కింద కనిపించేవి. చాలామందికి చెయ్యి ఏనుగుకాలులా వాచిపోయి, భుజం పైకి లేచేది కాదు. 1970ల దాకా అమెరికాలో ఇంకో ఆనవాయితీ ఉండేది. బయాప్సీ కోసమని మత్తు ఇచ్చి, ఆపరేషన్ గదిలోనే పరీక్షించి, క్యాన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. మెలకువ వచ్చి ఛాతీ తడుముకున్నాకే ఆమెకు సంగతి తెలిసేది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన రోజ్ కుష్నర్ అనే పాత్రికేయురాలు ఈ పద్ధతిపై ఏళ్ల తరబడి పోరాడారు. పరీక్షకూ ఆపరేషన్‌కూ మధ్య ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు పిలిచిన నిపుణుల సమావేశం తేల్చింది. ఆ సమావేశ మండలిలో ఆమె కూడా ఒక సభ్యురాలు.

ఎలుకలతో మొదలైన సందేహం

ఫిషర్ మొదట రొమ్ము క్యాన్సర్ మనిషి కాదు. కాలేయం తిరిగి ఎలా పెరుగుతుంది, అవయవ మార్పిడి ఎలా చేయాలి అన్నవే ఆయన ఆసక్తులు. 1950ల చివరిలో, ఆపరేషన్‌తో పాటు మందులిస్తే ఉపయోగముంటుందా అని పరీక్షించే ఒక జాతీయ పరిశోధన బృందంలోకి సీనియర్ సర్జన్ ఇసిడోర్ రావ్‌డిన్ ఆయన్ని లాక్కొచ్చారు. ఆ బృందానికే ఎన్ఎస్ఏబీపీ అని పేరు. 1967లో ఫిషర్ దాని అధ్యక్షుడయ్యారు.

ఆయన తమ్ముడు ఎడ్విన్ పాథాలజిస్టు, అంటే కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టరు. అన్నదమ్ములిద్దరూ కలిసి ప్రయోగశాలలో చేసిన పనిని నేను చాలా ఇష్టంగా చదివాను. 1959లో ప్రచురించిన ఒక ప్రయోగంలో వాళ్లు ఎలుకల కాలేయానికి వెళ్లే రక్తనాళంలోకి చాలా కొద్ది సంఖ్యలో క్యాన్సర్ కణాలు ఎక్కించారు. నెలలు గడిచినా కాలేయంలో గడ్డలు కనిపించలేదు. కానీ అలాంటి ఎలుకల పొట్టను పదే పదే తెరిచి కాలేయాన్ని కదిలిస్తే గడ్డలు మొలిచాయి. అంటే కణాలు చావలేదు, నిద్రపోయాయి. గాయం, దాన్ని మాన్పడానికి శరీరం చేసే హడావిడి వాటిని లేపాయి.

1966లో మరో ఫలితం వచ్చింది. లింఫ్ గ్రంథిలోకి చేరిన క్యాన్సర్ కణాలు అక్కడ ఆగిపోవడం లేదు, దాన్ని దాటుకుని అవతలికి పోతున్నాయి. లింఫ్ మార్గానికీ రక్తానికీ మధ్య కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. హాల్‌స్టెడ్ సిద్ధాంతంలోని కాపలా గోడ ఇక్కడే బీటలు వారింది. చంక గ్రంథుల్లో క్యాన్సర్ కనబడిందంటే శత్రువు గోడ దాకా వచ్చాడని కాదు, చాలాకాలం కిందటే శరీరంలో తిరుగుతున్నాడనడానికి గుర్తు మాత్రమే అని ఫిషర్ భావించడం మొదలుపెట్టారు.

ఆయన వాదన క్లుప్తంగా ఇది: రొమ్ములో గడ్డ చేతికి తగిలే నాటికే చాలామందిలో కణాలు రక్తంలోకి వెళ్లి ఉంటాయి. జిల్లేడు కాయ పగిలి దూది గింజలు గాలికి ఎగిరిపోయాక చెట్టును ఎంత లోతు నుంచి పెకిలించినా ఆ గింజలు వెనక్కి రావు కదా. అలాగే కోత వెడల్పు పెంచినంత మాత్రాన ప్రాణం దక్కదు. ఎగిరిపోయిన వాటి మీద పనిచేసేది ఏదో కావాలి, అంటే మందు కావాలి. ఎవరిలో కణాలు ఇంకా ఎగరలేదో వాళ్లకు చిన్న కోత అయినా సరిపోతుంది.

ఎలుకలను చూసి మనుషులకు కోత తగ్గించమంటే ఏ సర్జన్ ఒప్పుకుంటాడు? ఒప్పుకోకూడదు కూడా. అందుకే ఫిషర్ మరో దారి పట్టారు.

చీటీ తీసి చికిత్స

రెండు చికిత్సల్లో ఏది మెరుగో తెలియాలంటే, ఇది చేయించుకున్న పదిమంది బాగున్నారు, అది చేయించుకున్న పదిమందిలో నలుగురు పోయారు అని లెక్కేస్తే చాలదు. సర్జన్ సహజంగానే చిన్న గడ్డ ఉన్నవాళ్లకు చిన్న ఆపరేషన్, పెద్ద గడ్డ ఉన్నవాళ్లకు పెద్ద ఆపరేషన్ చేస్తాడు. అప్పుడు మనం పోల్చేది ఆపరేషన్లను కాదు, గడ్డలను. ఈ చిక్కు విడిపోవాలంటే ఒక్కటే మార్గం: ఎవరికి ఏ చికిత్స అన్నది డాక్టరు ఎంచుకోకూడదు, రోగి ఎంచుకోకూడదు, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా తేలాలి. అప్పుడు రెండు వైపులా వయసు, గడ్డ పరిమాణం, మనకు తెలియని కారణాలు కూడా దాదాపు సమానంగా పంచబడతాయి. చివరికి తేడా కనిపిస్తే అది చికిత్స వల్ల వచ్చిందే.

వినడానికి తేలికే. క్యాన్సర్ వచ్చిన మనిషికి, నీ ఆపరేషన్ ఏదో చీటీ తేలుస్తుందని చెప్పడం ఎంత కష్టమో ఊహించండి. రాడికల్ మాస్టెక్టమీ చేయకపోవడం వైద్యపరంగా నేరమని నమ్మే సర్జన్లు అప్పట్లో ఎందరో. ఫిషర్‌ను వాళ్లు సమావేశాల్లో బహిరంగంగానే తిట్టిపోశారు.

1971లో బీ-04 అనే ట్రయల్ మొదలైంది. 1974 దాకా 1,665 మంది మహిళలు చేరారు. చంకలో చేతికి గ్రంథులు తగలని వాళ్లను మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రాడికల్ మాస్టెక్టమీ, ఒక జట్టుకు కండరాలు వదిలేసి రొమ్ము మాత్రమే తీసి రేడియేషన్, మూడో జట్టుకు రొమ్ము మాత్రమే తీసి చంకను ముట్టుకోకుండా, తర్వాతెప్పుడైనా గ్రంథి పైకి తేలితేనే తీయడం. 2002లో 25 ఏళ్ల ఫలితాలు వచ్చాయి. మూడు జట్ల ఆయుర్దాయంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇందులో ఒక విషయం దగ్గర ఆగి చూడాలి. రాడికల్ జట్టులో తీసిన గ్రంథులను మైక్రోస్కోపులో చూస్తే సుమారు 40 శాతం మందిలో క్యాన్సర్ ఉంది. చీటీ న్యాయంగా పనిచేసి ఉంటే మూడో జట్టులోనూ అంతమందికి చంకలో క్యాన్సర్ ఉండి ఉండాలి, దాన్ని తీయకుండా వదిలేశారు. కానీ వాళ్లలో తర్వాత గ్రంథులు పైకి తేలింది అయిదో వంతు మందికన్నా తక్కువలోనే. అలా వదిలేయడం వల్ల మరణాలూ పెరగలేదు. గోడ సిద్ధాంతం నిజమైతే ఇది జరగకూడదు.

ఈ ట్రయల్ తొలి ఫలితాలను బయటపెట్టే వారంలోనే ఒక విచిత్రం జరిగింది. 1974 సెప్టెంబర్ 28న అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్‌కు రాడికల్ మాస్టెక్టమీ చేశారు. రెండు రోజులకే, అంత పెద్ద ఆపరేషన్ వల్ల అదనపు లాభం కనబడటం లేదన్న తొలి లెక్కలు ప్రకటించారు. తన జబ్బు గురించి ఆమె దాచకుండా మాట్లాడటంతో వేలమంది ఆడవాళ్లు పరీక్షలకు కదిలారు. ఆ మేలు చాలా పెద్దది.

రొమ్మును ఉంచవచ్చా?

బీ-04లో రొమ్మును అందరికీ తీశారు. అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. 1976లో మొదలైన బీ-06 దాన్ని నేరుగా అడిగింది. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉన్న 1,851 మంది మహిళల సమాచారం చివరి విశ్లేషణలో ఉంది. ఒక జట్టుకు రొమ్ము మొత్తం తీశారు. రెండో జట్టుకు గడ్డను, చుట్టూ కొద్దిపాటి మంచి కణజాలాన్ని మాత్రమే తీశారు. దీన్నే లంపెక్టమీ అంటారు. మూడో జట్టుకు లంపెక్టమీతో పాటు రేడియేషన్ ఇచ్చారు. మూడు జట్లకూ చంక గ్రంథులు తీశారు. మొదట్లో చేరేవాళ్లే కరువయ్యారు. తర్వాత పద్ధతి మార్చి, చీటీలో ఏ చికిత్స వచ్చిందో ముందే చెప్పి, అప్పుడు సమ్మతి అడగడం మొదలుపెట్టాక మహిళలు ముందుకొచ్చారు.

ఇరవై ఏళ్ల తర్వాత బతికున్న వాళ్లు: రొమ్ము తీసిన జట్టులో 47 శాతం, లంపెక్టమీ జట్టులో 46 శాతం, లంపెక్టమీతో రేడియేషన్ ఇచ్చిన జట్టులో 46 శాతం. గణాంకాల దృష్టిలో ఈ మూడూ ఒకటే.

మరి రేడియేషన్ ఎందుకు? ఇక్కడే చాలామంది తికమకపడతారు. అదే రొమ్ములో మళ్లీ క్యాన్సర్ రావడం రేడియేషన్ లేని జట్టులో 39.2 శాతం, ఉన్న జట్టులో 14.3 శాతం. అంత పెద్ద తేడా. రేడియేషన్ లేకుండా గడ్డ మాత్రమే తీస్తే పదిమందిలో నలుగురు మళ్లీ అదే గండం ఎదుర్కోవాలి. అందుకే రొమ్మును ఉంచే ఆపరేషన్ అంటే సాధారణంగా గడ్డ తీయడం, ఆ తర్వాత రేడియేషన్, రెండూ కలిపే. ఒకటి చేసి రెండోది మానేస్తే అది సగం చికిత్స.

అదే కాలంలో ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్టో వెరోనెసీ స్వతంత్రంగా ఇలాంటి ట్రయల్‌నే నడిపారు. రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉన్న 701 మంది మహిళల్లో సగం మందికి రాడికల్ మాస్టెక్టమీ, సగం మందికి రొమ్ములో పావు భాగం తీసి రేడియేషన్. ఇరవై ఏళ్లకు మరణాలు రెండు జట్లలోనూ సుమారు 41 శాతం. సముద్రానికి అటూ ఇటూ, వేర్వేరు చేతులతో, వేర్వేరు పద్ధతుల్లో చేసిన పరీక్షలకు ఒకే జవాబు వచ్చింది. తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువ మందికి రొమ్మును ఉంచే చికిత్సే మేలని 1990లో అమెరికా నిపుణుల సమావేశం అధికారికంగా చెప్పింది.

గడ్డ పోయాక మందెందుకు?

ఫిషర్ సిద్ధాంతంలో సగం భాగం సర్జరీని తగ్గించమంటే, రెండో సగం మందులను పెంచమంటుంది. కంటికి కనబడని కణాలు ఎక్కడో ఉన్నాయనుకుంటే, స్కాన్‌లో ఏమీ లేకపోయినా మందు ఇవ్వాలి. ఎన్ఎస్ఏబీపీ 1958లోనే థయోటెపా అనే మందుతో ఈ ప్రయత్నం మొదలుపెట్టింది. 1975లో ఫిషర్ బృందం మరో మందుతో మంచి ఫలితాలు ప్రకటించింది. మరుసటి ఏడాది మిలాన్ నుంచి జియాని బొనడోన్నా మూడు మందుల కలయికతో ఇంకా బలమైన ఫలితం చూపారు. సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్. సీఎంఎఫ్ అని పిలిచే ఈ కలయిక దశాబ్దాల పాటు ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

ఈ మూడింటిలో రెండో మందు దగ్గర మనం గర్వంగా ఆగవచ్చు. మెథోట్రెక్సేట్ పుట్టింది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, పరిశోధన విభాగాన్ని భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిస్తున్న కాలంలో. 1948లోనే ఆయన చనిపోయారు. తన ప్రయోగశాల మందు ఆపరేషన్ తర్వాత రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా లక్షలమందిని కాపాడబోతోందని చూడలేకపోయారు.

తర్వాత టామాక్సిఫెన్ వచ్చింది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజన్ హార్మోన్ మీద ఆధారపడి పెరుగుతాయి. ఆ హార్మోన్ కణంలో అతుక్కునే చోటును ఈ మాత్ర ఆక్రమిస్తుంది. గ్రంథుల్లో క్యాన్సర్ లేని వాళ్లకు కూడా దీనివల్ల లాభముందని ఫిషర్ బృందం 1989లో చూపింది. అక్కడితో ఆగకుండా, జబ్బే రాని, వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 13,388 మంది మహిళలపై పరీక్షించింది. 1998లో వచ్చిన ఫలితం: రొమ్ము క్యాన్సర్ రావడం 49 శాతం తగ్గింది. గర్భాశయ లోపలి పొరలో క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం కొంత పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మందు ఇచ్చేటప్పుడు ఈ త్రాసును ఎవరికి వారు చూసుకోవాలి. అయినా ఒక క్యాన్సర్‌ను రాకముందే మాత్రతో అడ్డుకోవచ్చని తేలడం మామూలు విషయం కాదు.

మాంట్రియల్ మచ్చ

1994 మార్చిలో అమెరికా పత్రికల్లో ఒక వార్త పేలింది. ఫిషర్ ట్రయళ్లకు రోగులను చేర్చిన కెనడాలోని మాంట్రియల్ సర్జన్ ఒకరు రికార్డులు తారుమారు చేశారు. అర్హత లేని వాళ్లు ట్రయల్‌లో ఇమిడేలా బయాప్సీ తేదీలు మార్చడం వంటివి. ఈ తప్పును మొదట పసిగట్టింది ఫిషర్ కార్యాలయమే, ప్రభుత్వానికి తెలియజేసిందీ వాళ్లే. కానీ ఆ సమాచారం తీసేసి కొత్త లెక్కలు ప్రచురించడంలో ఆలస్యమైంది. లంపెక్టమీ చేయించుకున్న లక్షలాది మహిళలు ఒక ఉదయం పత్రిక తెరిచి, తాము నమ్మిన శాస్త్రం కల్తీదేమోనని హడలిపోయారు. వాళ్ల భయాన్ని తలుచుకుంటే కోపం రావడం న్యాయమే.

ఫిషర్‌ను అధ్యక్ష పదవి నుంచి తప్పించారు. విచారణలు జరిగాయి. ఆ సర్జన్ ఆస్పత్రి రోగులందరినీ తీసేసి లెక్కలన్నీ మళ్లీ కట్టి 1995లో ప్రచురించారు. ఫలితం మారలేదు. మిలాన్ ట్రయల్ ఎటూ విడిగా నిలబడే ఉంది. 1997లో ఫిషర్‌పై ఆరోపణలు కొట్టేశారు. ఆయన పనిచేసిన పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పి, 27.5 లక్షల డాలర్ల పరిహారం చెల్లించింది.

అబద్ధం బయటపడినా నిజం కూలిపోకపోవడానికి కారణం, ఆ నిజం ఒక్క స్తంభం మీద నిలబడలేదు. అనేక ఆస్పత్రులు, అనేక దేశాలు, ఒకరితో ఒకరికి సంబంధం లేని బృందాలు దాన్ని మోస్తున్నాయి. ఆరోగ్య విషయాల్లో ఏదైనా పరిశోధన వార్త చదివినప్పుడు నేను ముందు చూసేది ఇదే: ఇంకెవరైనా విడిగా చేసి చూశారా?

ఫిషర్ పూర్తిగా సరైనవారేనా?

కాదు. ఆయన అభిమానులు చాలామంది ఈ భాగాన్ని దాటేస్తారు కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడాలి.

ఫిషర్ వాదనను అక్షరాలా తీసుకుంటే, రొమ్ములో మళ్లీ గడ్డ రావడానికీ మనిషి చనిపోవడానికీ సంబంధమే ఉండకూడదు. మళ్లీ రావడం జబ్బు స్వభావానికి గుర్తే తప్ప చావుకు కారణం కాదు. ఒక్కో ట్రయల్‌ను విడిగా చూస్తే అది నిజమే అనిపిస్తుంది. కానీ ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ పీటో తదితరుల నాయకత్వంలో ప్రపంచంలోని ట్రయళ్లన్నిటి సమాచారాన్ని ఒకచోట పోగేసినప్పుడు, విడి ట్రయళ్లలో కనబడనంత చిన్న తేడా పైకి తేలింది. రేడియేషన్ వల్ల జబ్బు తిరగబెట్టకుండా నాలుగు సార్లు ఆపితే, పదిహేనేళ్లలో సుమారు ఒక రొమ్ము క్యాన్సర్ మరణం తప్పుతోంది.

అంటే కొందరిలో జబ్బు మొదటి నుంచే శరీరమంతటా ఉంది, కొందరిలో ఎప్పటికీ రొమ్ముకే పరిమితం, ఇంకొందరిలో రొమ్ములో మిగిలిన కణాలే తర్వాత బయటికి విత్తనాలు వెదజల్లుతాయి. సామ్యూల్ హెల్మన్ అనే రేడియేషన్ నిపుణుడు 1994లో ఈ మధ్యేమార్గాన్నే ప్రతిపాదించారు. హాల్‌స్టెడ్ ఒక చివర, ఫిషర్ ఒక చివర, నిజమైన రోగులు ఆ మధ్యలో అక్కడక్కడా ఉంటారు. చిన్న దశలోనే గడ్డను పట్టుకుంటే ప్రాణాలు దక్కుతాయన్నది కూడా ఈ మధ్యేమార్గంలోనే పొసుగుతుంది.

ముంబై నుంచి వచ్చిన జవాబులు

ఈ చర్చను ముందుకు తీసుకెళ్లిన వాళ్లలో ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి సర్జన్లు ఉన్నారన్నది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

రాజేంద్ర బడ్వే బృందం 350 మంది మహిళలతో ఒక కష్టమైన ప్రశ్న అడిగింది. వీళ్లకు జబ్బు ఎముకలకో కాలేయానికో అప్పటికే పాకింది. కీమోథెరపీకి లొంగాక రొమ్మును, చంక గ్రంథులను కూడా తీసేస్తే ఆయుష్షు పెరుగుతుందా? 2015లో వచ్చిన ఫలితం: ఆపరేషన్ చేసిన జట్టులో మధ్యస్థ ఆయుర్దాయం (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 19.2 నెలలు, చేయని జట్టులో 20.5 నెలలు. లాభం లేదు. నాలుగో దశలో ఉన్న మనిషికి, అసలు గడ్డ తీసేస్తే ఏమైనా ఆశ ఉంటుందేమోనని ఆస్తులమ్మి ఆపరేషన్ చేయించే కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి. పుండు పడి, రక్తం కారి బాధపెడుతుంటే ఉపశమనానికి ఆపరేషన్ చేయవచ్చు. ఆయుష్షు కోసమైతే మందులే దారి.

మరో ట్రయల్ ఫిషర్ అన్నదమ్ముల 1959 నాటి ఎలుకలను గుర్తుచేస్తుంది. గాయమే నిద్రపోతున్న కణాలను లేపుతుందేమో, కోత సమయంలోనే కణాలు చెదిరి కదులుతాయేమో, ఆ కొద్ది నిమిషాల్లో ఏమైనా చేయగలమా? బడ్వే బృందం ఆపరేషన్‌కు 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకెయిన్ అనే మామూలు మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది. పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే కోవకు చెందిన మందే. భారత్‌లోని 11 కేంద్రాల్లో సుమారు 1,600 మంది మహిళలు పాల్గొన్నారు. 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఆరేళ్లకు బతికున్న వాళ్లు ఇంజెక్షన్ ఇచ్చిన జట్టులో 90.1 శాతం, ఇవ్వని జట్టులో 86.4 శాతం. ఇంజెక్షన్ ఖరీదు చాలా తక్కువ. రెండో జట్టుకు ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇవ్వలేదు కదా, వేరే చోట కూడా చేసి చూడాలి కదా అని విమర్శకులు అడుగుతున్నారు. అడగాల్సిందే. ఆ అడగడంలో నుంచే ఫిషర్ ఫలితాలకు బలం వచ్చింది.

మూడోది ఇంద్రనీల్ మిత్రా నాయకత్వంలో ముంబై మురికివాడల్లో 1998లో మొదలైంది. సుమారు లక్షన్నర మంది మహిళలు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) లేకుండా, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో రొమ్ము పరీక్షిస్తే ఏమవుతుంది? 2021లో వచ్చిన ఫలితం: మొత్తం మీద మరణాల తగ్గుదల గణాంకపరంగా తేలలేదు, కానీ యాభై దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రం లేని మండల కేంద్రంలోనూ చేయగలిగిన పని ఇది. ప్రభుత్వాలు దీన్ని ఇంకా ఎంతో గట్టిగా పట్టుకోవాలని నా కోరిక.

తెలుగు నేలపై ఆ జవాబు చేరుతోందా?

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారత్‌లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, సుమారు 98 వేల మంది చనిపోయారు. జబ్బు వచ్చిన వాళ్లకూ పోయిన వాళ్లకూ మధ్య తేడా ఇంత తక్కువగా ఉండటానికి మొదటి కారణం ఆలస్యం. గడ్డ పెద్దదై, చర్మాన్ని పట్టాక వస్తే రొమ్మును ఉంచే అవకాశం చాలాసార్లు ఉండదు. అయినా ముందు కీమోథెరపీ ఇచ్చి గడ్డను కుదించి, ఆ తర్వాత లంపెక్టమీ చేయవచ్చని ఫిషర్ బృందమే బీ-18 అనే ట్రయల్‌లో చూపింది. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చినా తర్వాత ఇచ్చినా ఆయుర్దాయం ఒకటే. కాబట్టి "ముందు మందులు, తర్వాత ఆపరేషన్" అని డాక్టరు చెబితే జబ్బు చేయిదాటిందని బెంగపడనక్కరలేదు.

రొమ్మును ఉంచలేకపోవడానికి ఇంకో కారణం దూరం. రొమ్మును ఉంచాలంటే రేడియేషన్ కావాలి, రేడియేషన్ యంత్రాలు పెద్ద ఊళ్లలోనే ఉన్నాయి. ఆసిఫాబాద్ నుంచో పాడేరు నుంచో వచ్చిన కూలి మనిషి ఆరు వారాల పాటు రోజూ రేడియేషన్‌కు నగరంలో ఉండాలంటే ఎక్కడ ఉంటుంది, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరు చూస్తారు? ప్రభుత్వ ఆరోగ్య పథకం చికిత్స ఖర్చు భరించినా గది అద్దె, పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. అలాంటప్పుడు రొమ్ము తీయించుకుని ఊరికి వెళ్లిపోవడమే నయమని ఆమె అనుకుంటే తప్పుపట్టలేం. కానీ ఆ నిర్ణయం పేదరికం తీసుకున్నది, శాస్త్రం తీసుకున్నది కాదు.

ఇక్కడ కూడా పరిస్థితి మారుతోంది. ఆరు వారాల రేడియేషన్‌ను మూడు వారాల్లో ముగించవచ్చని తేలి చాలా ఏళ్లయింది. 2020లో బ్రిటన్‌లో నాలుగు వేలమందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో ఒక్క వారంలో, అయిదు విడతల్లో ఇచ్చినా అయిదేళ్ల ఫలితాలు మూడు వారాల చికిత్సకు తీసిపోలేదు. చంకలో కూడా కోత తగ్గుతూ వస్తోంది. గ్రంథులన్నీ తీసే బదులు క్యాన్సర్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను గుర్తించి తీసి పరీక్షించే పద్ధతి ఎప్పుడో స్థిరపడింది. గడ్డ చిన్నదై, అల్ట్రాసౌండ్‌లో చంక శుభ్రంగా ఉంటే ఆ ఒకటి రెండు కూడా తీయనక్కరలేదని మిలాన్ నుంచి 2023లో వచ్చిన ఫలితాలు చెబుతున్నాయి. చెయ్యి వాపుతో బతుకంతా అవస్థపడే ఆడవాళ్ల సంఖ్య దీనివల్ల తగ్గుతుంది. బిందె ఎత్తాల్సిన, నాట్లు వేయాల్సిన చేతికి ఇది ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

రొమ్ము తీయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఒకే రొమ్ములో దూరదూరంగా చాలాచోట్ల గడ్డలున్నప్పుడు, అదే చోట ఇంతకుముందు రేడియేషన్ ఇచ్చి ఉన్నప్పుడు, చర్మమంతా ఎర్రబడి వాచే రకం క్యాన్సర్‌లో, ఆపరేషన్ తర్వాతా అంచుల్లో క్యాన్సర్ మిగులుతూ ఉన్నప్పుడు అదే సరైనది. అన్నీ తెలుసుకుని, తనకు మనశ్శాంతి కోసం రొమ్ము తీయించుకుంటానని ఒక మహిళ నిర్ణయించుకుంటే అదీ ఆమె హక్కే. తెలియకపోవడం వల్ల, ఎక్కువ కోస్తే ఎక్కువ బతుకుతామన్న భయం వల్ల అది జరగకూడదు.

అందుకే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే సర్జన్‌తో పాటు కీమోథెరపీ డాక్టర్నీ, రేడియేషన్ డాక్టర్నీ కూడా కలవాలి. గడ్డ హార్మోన్‌కు స్పందించే రకమా, హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రకమా అన్న బయాప్సీ నివేదిక అప్పటికి చేతిలో ఉండాలి. నా విషయంలో రొమ్మును ఉంచడం కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు, ముందు మందులిచ్చి చూడవచ్చా, రేడియేషన్ ఎన్ని రోజులు అని ఆమే నోరు తెరిచి అడగాలి, వెంట వెళ్లినవాళ్లు అడగనివ్వాలి. సరైన పరీక్షల కోసం, సలహా కోసం ఒకటి రెండు వారాలు తీసుకుంటే మామూలుగా నష్టమేమీ లేదు.